పేరు కడిగేసిన మందు

మొన్న మా దవాఖానా కమిటీవాళ్ళు ఇద్దరు ఇంటికి వచ్చారు. దవాఖానా కాకా పోయి తొమ్మిది రోజులైందట. ఆదివారం అశోక్ చౌక్‌లో శోకసభ పెడుతున్నారట. ఆయనతో అన్నేళ్ళు కలిసి పనిచేసిన నర్సును కాబట్టి నేను రెండు మంచి మాటలు చెప్పాలట.

"రెండు ఏడికెల్లి తేవాలె? నా తాన ఒక్కటి గూడ లేదు" అన్నాను.

జోకనుకుని నవ్వారు. చేతిలో కరపత్రం ఒకటి పెట్టి వెళ్ళిపోయారు. దాని మీద ఆయన ఫోటో, మెడలో స్టెతస్కోపు, కింద మరాఠీలో 'గరీబుల ప్రాణదాత' అని. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మావాళ్ళు చారెడుతో ఆగలేదు, చాటంత చేసి పెట్టారు.

ఆయన డాక్టరు కాదు. కంపౌండరు కూడా కాదు. కుంఠా నాకా దగ్గరి ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో జాబరు, అంటే మగ్గం చెడిపోతే బాగుచేసే మేస్త్రీ. ఈ మరాఠీ ఊళ్ళో మగ్గాల పని మీద వచ్చి స్థిరపడ్డ మా పద్మశాలి పెద్దలు నలుగురు కూడి దవాఖానా పెట్టి, పాత వ్యాన్ ఒకటి కొని దానికి ఎర్ర రంగుతో ప్లస్ గుర్తు వేయించినప్పుడు, వ్యాన్ వెనక కూర్చుని రోగిని చూసుకునే మనిషి కావాల్సి వచ్చింది. కమిటీ ఛైర్మన్ తన కార్ఖానా జాబరును పంపాడు. మగ్గం బాగుచేసేవాడు మనిషిని బాగుచేయలేడా అన్నది వాళ్ళ తెలివి. సివిల్ ఆసుపత్రిలో మూడేళ్ళు ట్రైనింగ్ అయి నేను చేరేసరికి ఆయన అక్కడ పాతుకుపోయి ఉన్నాడు. అందరూ కాకా అనేవారు. నేనూ కాకా అనే అన్నాను. వయసు అలాంటిది, గౌరవం అనుకోవద్దు.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు ఆయన తెల్ల కోటు కుట్టించుకున్నాడు. తెల్ల కాన్వాసు బూట్లకు రోజూ సుద్ద రుద్దేవాడు. మెడలో స్టెతస్కోపుకి ఒక చెవి గొట్టం లేదు. ఉన్న ఒక్క చెవితోనే రోగి ఛాతీ మీద పెట్టి కళ్ళు మూసుకుని, "ఊఁ, గడబడ్ ఉంది" అనేవాడు. గడబడ్ లేకపోతే వ్యాన్ ఎందుకు పిలుస్తారు? ఆ సంగతి తెలియడానికి స్టెతస్కోపు కావాలా? అయినా ముసలమ్మలు ఆ మాటకే సగం తేరుకునేవారు.

సూది వేసేటప్పుడు చూడాలి ఆయన్ని. ముందు చుట్టూ జనం చేరేదాకా ఆగేవాడు. మందుండే గాజు ఆంప్యూల్‌ను వెలుతురుకు ఎత్తి గోటితో టక్ టక్ మని రెండు దెబ్బలు కొట్టేవాడు. దాని మెడ విరిచి, మందు లాగి, సిరంజిలో గాలి పోవడానికి ఒక్క చుక్క వదలాల్సిన చోట రంగపంచమి పిచికారీలా పైకి చిమ్మేవాడు. మందులో పావువంతు దవాఖానా గోడలు తాగేవి. "సూది చేసేది సగం, చెయ్యి చేసేది సగం" అనేవాడు, తన కుడిచేయి చూపించి. వినేవాళ్ళు ఆ చేతికి దండం పెట్టనిదొకటే తక్కువ.

మందుల పేర్లు ఆయన నోట ఒక్కటీ వినలేదు. అడ్రినలిన్ అనడు, "దౌడు మందు" అంటాడు, గుండెను పరుగెత్తిస్తుందని. అట్రోపిన్‌ను "ఎండు మందు" అనేవాడు, నోరు ఎండిపోతుందని. నొప్పికి ఇచ్చే మత్తు సూది "నిద్ర మందు". మొదట సరదాకి అంటున్నాడనుకున్నాను. ఆరునెలల తర్వాత అర్థమైంది, ఆయనకు ఇంగ్లీషు అక్షరం ఒక్కటి రాదు. ఆంప్యూల్ మీద ఏముందో చదవలేడు. మందులు పెట్టడానికి మగ్గాల దగ్గర నూలు కండెలు గుచ్చిపెట్టే పలకలాంటి చెక్కపెట్టె ఒకటి వడ్రంగితో చేయించుకుని, మూడు వరుసల బెజ్జాలు పొడిపించి, ఏ వరుసలో ఏ మందో డాక్టరును ఒకసారి అడిగి గుర్తుపెట్టుకున్నాడు. చదువు రాకపోవడం తప్పు కాదు. మా అమ్మకూ రాలేదు, మా అక్కకూ రాలేదు. రానిదాన్ని రాదని చెప్పకుండా మెడలో స్టెతస్కోపు వేసుకు తిరగడం తప్పు. దాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

మాకు ట్రైనింగులో మొదటి పాఠం ఒకటే. మందు పేరు మూడుసార్లు చదవాలి. పెట్టెలోంచి తీసేటప్పుడు ఒకసారి, సిరంజిలోకి లాగేటప్పుడు ఒకసారి, సూది వేసేముందు ఖాళీ ఆంప్యూల్ చేతిలో పట్టుకుని ఇంకోసారి. పేరు కనబడకపోతే అది మందు కాదు, పారేయాలి. నేను పెదవులు కదుపుతూ చదవడం చూసి ఆయన వ్యాన్ డ్రైవరుకు కన్నుగొట్టేవాడు. "ఆగుండ్రి, సిస్టర్ మంత్రం సదువుతుంది. గామె సదివేలోపల మనిషి గోవిందా" అనేవాడు.

ఒకసారి ఆయాసంతో వచ్చిన మనిషికి, గడియారం చూస్తూ చుక్కచుక్కగా నరంలోకి ఎక్కించాల్సిన మందును రెప్పపాటులో నెట్టేశాడు. ఆ మనిషి కళ్ళు తేలవేశాడు. బతికాడంటే వాడి అదృష్టం.

"కాకా, గది మెల్లగ ఇయ్యాలె. గట్ల నెడితె గుండె ఆగుతది" అన్నాను.

"జిందగీ అంతా మగ్గాల నడుమ పెరిగిన చెయ్యి సిస్టర్ ఇది. దీనికి మెల్లగ రాదు" అన్నాడు, ఏదో ఘనకార్యంలా.

పొద్దున రెండు గంటలు వచ్చిపోయే డాక్టరుకు చెప్పాను. "సంభాళించుకో సిస్టర్, ఛైర్మన్ మనిషి" అన్నాడు ఆయన. అందరూ సంభాళించుకున్నారు. నేనూ సంభాళించుకున్నాను, చిన్నచూపుతో. పలకరిస్తే పలికేదాన్ని, లేకపోతే లేదు. ఆయన పెట్టెను నేను ముట్టను, నా ట్రేను ఆయన ముట్టకూడదు అనుకున్నాను. కానీ ఎమర్జెన్సీ మందులు మొత్తం ఆయన పెట్టెలోనే ఉండేవి, వ్యాన్‌లో పోవాలి కాబట్టి. అదే నా ఖర్మ.

ఎనభై ఎనిమిది దసరా ముందురోజు. ఖండే నవమి అంటాం మేము. దాజీ పేట్ నుంచి కుంఠా నాకా దాకా ఆ ఒక్క రోజు మగ్గం చప్పుడు వినబడదు. మగ్గాలు తుడిచి, నూనె పెట్టి, కడగాల్సినవి కడిగి, పసుపు కుంకుమ పెట్టి దండలు వేస్తారు. ఎవరి పనిముట్టు వాళ్ళకు దేవుడు. బీడీలు చుట్టే ఆడవాళ్ళు కూడా చాటకూ కత్తెరకూ బొట్టుపెడతారు. ఈ పద్ధతి నాకూ ఇష్టమే. మా ఇంట్లో అక్క నా సిరంజి డబ్బాకు కూడా బొట్టు పెట్టి పంపేది.

నేను దవాఖానాకు వెళ్ళేసరికి వ్యాన్ అద్దం మీద అరటి పిలకలు కట్టి ఉన్నాయి. చక్రాల కింద నిమ్మకాయలు. పెరట్లో బకెట్ నీళ్ళల్లో ఏవో తెల్లకాగితాలు తేలుతున్నాయి. వంగి చూస్తే ఆంప్యూళ్ళ చీటీలు. అడ్రినలిన్‌కు వెలుతురు తగలకుండా నేను చుట్టి ఇచ్చిన నల్ల కాగితాలు మోరీలో పడి ఉన్నాయి. లోపల దేవుడి పటం ముందు ఆయన పెట్టె. ప్రతి బెజ్జంలో తళతళలాడుతూ ఒక్కో ఆంప్యూల్, ఒక్కోదానికి కుంకుమ చుక్క. అన్నీ తెల్లగాజువి, ఒక్కటే పొడుగు, నీళ్ళలాంటి మందు. దేని మీదా పేరు లేదు.

ఒకదాన్ని తీసి వెనకా ముందూ తిప్పి చూశాను.

"ఏం జేసినవ్ కాకా?"

"ఏంది సిస్టర్, దేవుని ముంగట మురికిది పెడ్తమా? మగ్గం కడుగుతం, కత్తెర కడుగుతం, దవాలు కడగొద్దా? సోడా నీళ్ళల్ల నానబెట్టిన. సూడు, ఎట్ల చమక్‌తున్నయో."

"పేర్లు పోయినయ్ గద!"

"పోతె పోనీ. వరుస నాకు నోటికి పాఠ్ ఉంది. ఫికర్ నకో."

"అన్ని ఒక్కతాన నానబెట్టినవా?"

"ఏర్వేరే నానబెట్టిన. మూడు గ్లాసులల్ల."

నాకు పెరట్లో కనబడింది ఒక్క బకెట్టే. గ్లాసు ఒక్కటీ కనబడలేదు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ఏం వాదిస్తాం? పెట్టె మూతేసి, దాని మీద 'వాడొద్దు' అని మరాఠీలో, తెలుగులో రాసి పెట్టాను. కొత్త మందులు తెద్దామని అశోక్ చౌక్ దాకా పరుగెత్తాను. మందుల షాపులవాళ్ళు పూజ అయ్యేదాకా తెరవం అన్నారు. డాక్టరు ఊళ్ళో లేడు. ఉత్త చేతులతో తిరిగి వచ్చాను. వచ్చేసరికి దవాఖానా ముందు ఆటో ఆగి ఉంది. అందులో మా అక్క.

మా అక్క గురించి ఒక మాట చెప్పాలి. నాన్న పోయాక చాట ఒళ్ళో పెట్టుకుని నన్ను నర్సును చేసింది అక్క. బీడీలు చుట్టి చుట్టి దాని ఊపిరితిత్తుల నిండా తంబాకు పొడి. చలికాలంలో ఆయాసం వచ్చేది, పోయేది. ఆ పొద్దున నవమి అని ఇల్లంతా దులిపిందట. మూలల్లో ఏడాదిగా పేరుకున్న తంబాకు దుమ్ము ఒక్కసారి లేచిందట. పక్కింటావిడ ఆటోలో వేసుకొచ్చింది. పెదవులు నల్లబడ్డాయి. మెడ నరాలు లేచి ఉన్నాయి. మాట రావడంలేదు.

లోపల బల్ల మీద కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టాను. చాలలేదు. దానికి కావలసింది అడ్రినలిన్, అర సి.సి.కన్నా తక్కువ, చర్మం కింద. ఆయాసానికి నరంలోకి మెల్లగా ఎక్కించే పెద్ద ఆంప్యూళ్ళు అయిపోయి వారమైంది, తెప్పించాలని ఎవరికీ తోచలేదు. ఇక ఉన్నవి ఆ పెట్టెలోవే. సిరంజి మాత్రం నా చేతిలో ఉంది.

ఆయన నా చీటీ తీసి పక్కన పడేశాడు. పెట్టె తెరిచాడు. పై వరుసలోంచి ఒక ఆంప్యూల్ తీసి, వెలుతురుకు ఎత్తి, అప్పుడు కూడా గోటితో టక్ టక్ మన్నాడు.

"ఇగో దౌడు మందు. తీస్కో సిస్టర్, సిరంజిల భర్."

"పేరేది కాకా?"

"నేను జెప్తున్న గద. నా పోరగాండ్ల మీద ఒట్టు, ఇదే."

ఆ పెట్టెలో ఉన్నవి మూడు మందులు. ఒకటి అక్కను నిలబెడుతుంది. ఇంకోటి దానికి పెద్దగా పనికిరాదు. మూడోది, ఆ నిద్ర మందు, ఆడుతున్న కాస్త ఊపిరినీ జోకొట్టి ఆపేస్తుంది. మూడూ ఆయన చేతిలో ఒక్కటే రకంగా మెరుస్తాయి. ఏది ఏదో చెప్పాల్సింది అక్షరాలు. అవి బకెట్‌లో ఉన్నాయి.

అక్క నా వంక చూడలేదు. ఆయన వంక చూసింది. జాకెట్ చేయి పైకి లాక్కుని, చేయి చాచి ఆయన ముందు పెట్టింది. దానికి ఆయన మీద అంత నమ్మకం. బస్తీ అంతటికీ ఉన్న నమ్మకమే.

నేను అక్క చేయి కిందికి దించాను.

"పేరు లేని మందు మందు గాదు. నేనియ్య. సివిల్‌కు పోదాం, బండి తియ్యుండ్రి" అని అరిచాను.

"పాగల్ అయినవా? తోవల పోతది" అన్నాడు ఆయన.

అద్దం మీది అరటి పిలకలు పీకడానికి డ్రైవరుకు ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నాకైతే ఏడాది పట్టినట్టు ఉంది. వ్యాన్‌లో అక్క తల నా భుజం మీద. ఎదురుగా ఆయన, గుప్పిట్లో ఆ ఆంప్యూల్. దారి పొడుగునా ఒక్క మాటే, "ఇప్పటికన్న ఇయ్యి సిస్టర్, ఇప్పటికన్న ఇయ్యి." సివిల్ ఆసుపత్రి గేటులో వ్యాన్ తిరుగుతుండగా అక్క బరువు నా మీద మారింది. నర్సును కదా, ఆ బరువు నాకు తెలుసు.

పదమూడో రోజు కూడా కాకముందే బస్తీలో కథ తయారైంది. కాకా మందు చేతిలో పట్టుకుని బతిమిలాడాడు, చదువుకున్న పొగరుతో చెల్లెలే ఇవ్వనియ్యలేదు, అక్కను చేతులారా చంపుకుంది. అశోక్ చౌక్ టీ కొట్టు దగ్గర ఆయన సున్నం డబ్బీ తెరిచి ఆ ఆంప్యూల్ చూపించేవాడట. "ఇగో, గిదే. గింత నీళ్ళు లోపలికి పోతె బతికేది" అనేవాడట. నా ఎదుట ఎన్నడూ తీయలేదు, అంత ధైర్యం లేదు. నేను వీధిలో పోతుంటే బీడీల అమ్మలక్కలు మాట ఆపేవారు. నేను ఆ దవాఖానా మానలేదు. మానితే ఆయన చెప్పింది నిజమైపోతుందని మానలేదు. పక్క గదిలో ఆయన టక్ టక్ వినబడ్డప్పుడల్లా నా నోరు చేదయ్యేది. ఇంత అసహ్యం ఒక మనిషి మీద అన్నేళ్ళు మోయగలనని నాకూ తెలియదు.

రెండు మూడేళ్ళకు ఆయన డబ్బీ తీయడం మానేశాడు. వినేవాళ్ళు విసిగి ఉంటారనుకున్నాను. అప్పటినుంచి నేను ఎదురుపడితే తల వంచుకుని పక్కకు తప్పుకునేవాడు. ముసలితనం అనుకున్నాను. పట్టించుకోలేదు.

నిన్న సాయంత్రం ఆయన కోడలు వచ్చింది. లోపలికి రమ్మన్నా రాక గడపలోనే కూర్చుంది. కొంగు ముడి విప్పి సున్నం డబ్బీ తీసింది.

"మామ పొయ్యే ముంగట ఇది నీకియ్యమన్నడు అక్కా" అంది. "మొదట్ల అందరికి సూపెట్టిండట. తర్వాత ఒక దినం సూస్తె నీళ్ళు రంగు మారినయట. 'ఖరాబ్ మందు గది, అందుకే మారింది. సిస్టరే కరెక్ట్, నేనిచ్చి ఉంటె నా చేతులల్లనే పోతుండె' అని ఏడ్చెటోడు. ఎవ్వలకు చెప్పొద్దన్నడు. సిస్టర్‌ను మాఫీ అడగమన్నడు."

డబ్బీ తెరిచాను. దూది మధ్య ఆంప్యూల్. మెడ విరగలేదు. కుంకుమ మరక కాస్త ఇంకా ఉంది. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకు ఎత్తాను. లోపలి నీళ్ళు పాలు పోయని చాయ్ రంగులో ఉన్నాయి.

ఆ పెట్టెలోని మూడు మందుల్లో పాతబడితే అలా రంగు తిరిగేది ఒక్కటే. అట్రోపిన్ తిరగదు. మత్తుమందు తిరగదు. ఏళ్ళు గడిచినా నీళ్ళలాగే ఉంటాయి. గోధుమరంగు తిరిగేది అడ్రినలిన్. అందుకే దానికి నల్ల కాగితం చుట్టేది.

మూడు గ్లాసులు అన్న మాట నిజమేనేమో.

"తప్పు మందేనా అక్కా?" అని అడిగింది కోడలు.

తల ఊపాను, అవునని.

"మాఫ్ జేసినవా?"

"చేసిన" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, నా కాళ్ళకు మొక్కి వెళ్ళిపోయింది. చేయని తప్పుకు ఆయనకు మాఫీ ఇచ్చి పంపాను. చేసిన తప్పు, ఆ పేర్లు కడిగేయడం, దానికి ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు.

మళ్ళీ ఆ పొద్దే వస్తే, అదే పెట్టె, అదే బల్ల, అక్క చాచిన చేయి అలాగే నా ముందు ఉంటే, నేను ఇవ్వను. ఆ ఆంప్యూల్ ఎదురుగా పెట్టుకునే రాస్తున్నాను, అయినా ఇవ్వను. పెట్టెలో ఏముందో ఆయనకు తెలిసి ఉండవచ్చు, నాకు తెలియదు. తెలియని మందు అక్క ఒంట్లోకి పంపే హక్కు నాకు లేదు. కాకపోతే ఇన్నాళ్ళూ రోజూ ఆ మనిషిని ఏవగించుకుంటూ అన్నం తిన్నాను. నిన్న తినలేకపోయాను.

పేరు లేని మందు పారేయాలి, మొదటి పాఠం అదే. పారేద్దామని మోరీ దాకా తీసుకెళ్ళి తిరిగి వచ్చాను. ఆదివారం శోకసభకు పోను. అక్కడ మైకులో చెప్పడానికి నాకు ధైర్యం లేదు. కానీ ఆయన గురించి మంచి మాట ఒకటి దొరికింది. చిన్న చీటీ కత్తిరించి, దాని మీద అడ్రినలిన్ అని రాసి, జిగురు పెట్టి ఆంప్యూల్‌కు అంటించాను. అలవాటు ప్రకారం మూడుసార్లు చదివాను.